విల్లో వాగు మీద వంతెన

అనసూయ పుట్టిల్లు పిడుగురాళ్ళ, మెట్టినిల్లు నరసరావుపేట. ముప్పై ఆరేళ్ళు వచ్చినా కోటప్పకొండ మెట్లు ఒక్కసారైనా కాలినడకన ఎక్కి ఎరగదు. ఎప్పుడు వెళ్ళినా ఘాట్ రోడ్డు మీద కారులోనే. అలాంటి మనిషి మూడేళ్ళుగా అమెరికా వాళ్ళకి కొండదారులు చెబుతోంది.

ఆమె చదివింది ఎం.ఏ. ఇంగ్లీషు. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్ళు అమెరికా వెబ్‌సైట్లకి వ్యాసాలు రాయించి పంపుతుంటే, ఇంటి దగ్గర నుంచే ఆ పనిలో చేరింది. వారంలో రెండు మూడు సార్లు పొద్దున్నే మేనేజరు సుప్రజ శీర్షిక పంపుతుంది. "ఫలానా రాష్ట్రంలో ఒక్కరోజులో నడిచి రాదగ్గ పన్నెండు అందమైన దారులు" అని. సాయంత్రానికి వ్యాసం వెళ్ళిపోవాలి. అనసూయ ఐదారు సైట్లు తెరిచేది. ఒకదాంట్లో దూరం, ఇంకోదాంట్లో చెట్ల పేర్లు, మరోదాంట్లో కారు ఎక్కడ పెట్టుకోవాలో చూసుకుని, అన్నీ కలిపి తన మాటల్లో దింపేది. "నేను నడిచినప్పుడు" అన్న ముక్క ప్రతి వ్యాసంలో ఉండి తీరాలని కంపెనీ నియమం. చివర ఎమిలీ హార్ట్ అని పేరు, పక్కన టోపీ పెట్టుకున్న ఒక తెల్లమ్మాయి బొమ్మ, కింద "పదిహేనేళ్ళుగా కొండలెక్కుతున్న మనిషి" అని ఒక వాక్యం. ఆ బొమ్మలో ఉన్నదెవరో అనసూయకే కాదు, సుప్రజకీ తెలియదు.

ఇంట్లో ఈ ఉద్యోగం చూసి అందరికంటే మురిసిపోయింది అత్తగారు శేషమ్మ. మాచవరం దగ్గర పల్లెలో పుట్టిన మనిషి, అక్షరం ముక్క రాదు. వీధిలో ఎవరు కనపడినా ఆపి మరీ చెప్పేది.

"మా కోడలు అమెరికా వాళ్ళకి దారి చూపిస్తంది. వాళ్ళ కొండలు వాళ్ళకే తెలవ్వంట. ఈమె చెప్తేనే ఎక్కుతారంట!"

మొదట్లో అనసూయ సిగ్గుపడి నవ్వేది. తరవాత్తరవాత ఆ పొగడ్త అలవాటైపోయింది. కాస్త నిజమేనేమో అన్నట్టు కూడా ఉండేది.

ఆ ఏడు ఏప్రిల్లో మిస్సోరి రాష్ట్రం వంతు వచ్చింది. పన్నెండు దారుల్లో ఎనిమిదోది విల్లో బ్లఫ్. ఒక వాగు, ఆ వాగు పక్కన నిలువుగా లేచిన సున్నపురాయి గట్టు. దాని గురించి దొరికింది ఒకే ఒక్క పాత పేజీ. "రెండు మైళ్ళ సులువైన నడక. పెద్ద వయసు వాళ్ళు కూడా హాయిగా నడవచ్చు. చివర్లో విల్లో వాగు మీద చెక్కవంతెన ఉంది, అది దాటితే రోడ్డు అక్కడే. వంతెన మీద కాసేపు ఆగి నీళ్ళ చప్పుడు వినండి" అని రాసేసింది. ఆ చివరి వాక్యం ఏ పేజీలోనూ లేదు, తనే చేర్చింది. రాయి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి పేజీ వెతుక్కునే పని పడలేదు. ఆమె తండ్రి పిడుగురాళ్ళలో సున్నం బట్టీ దగ్గర కాటా వేసేవాడు. చిన్నప్పుడు బడి లేని రోజుల్లో అక్కడే ఆడుకుంది. "ఎండ నడినెత్తికి వచ్చేసరికి సున్నపురాయి తెల్లగా ఉండదు, పల్చని నీలంగా కనిపిస్తుంది. తాకితే అరచేతికి పిండి అంటుకుంటుంది, ఎంత దులిపినా సాయంత్రం దాకా పోదు" అని రాసింది. మొత్తం వ్యాసంలో నిజంగా కళ్ళతో చూసి రాసినవి ఆ రెండు వాక్యాలే.

నవంబరు మొదటి వారంలో సుప్రజ ఒక ఈమెయిలు పంపింది. "అక్కా, ఎమిలీకి ఉత్తరం వచ్చింది. థాంక్స్ అని ఒక్క ముక్క కొట్టి వదిలెయ్" అని పైన రాసింది. తను పూర్తిగా చదవలేదని తెలుస్తూనే ఉంది.

రాసినావిడ పేరు మార్గరెట్. వయసు అరవై ఎనిమిది. అక్టోబరులో వాళ్ళ పెళ్ళిరోజున ఎక్కడికైనా నడిచి వద్దామని ఎమిలీ వ్యాసం తీసి, భర్త వాల్టర్‌కి చదివి వినిపించిందట. ఆయన ముప్పై ఏళ్ళు సున్నపురాయి క్వారీలో పనిచేసిన మనిషి. రాయి గురించి రాసిన రెండు వాక్యాలు విని, "ఈ అమ్మాయి రాయిని నిజంగా చూసింది. ఈమె చెప్పిన చోటికే పోదాం" అన్నాడట. ఇద్దరూ మెల్లగా దిగి వాగు దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ వంతెన లేదు. దిగిన దారంతా మళ్ళీ ఎక్కే ఓపిక ఆయనకి లేదు. వ్యాసంలో అవతలి గట్టునే రోడ్డు అని ఉంది కదా అని రాళ్ళ మీద అడుగులు వేసుకుంటూ దాటబోయారు. వాల్టర్ జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఫోనుకి సిగ్నల్ లేదు. ఆయన్ని తడిబట్టలతోనే గట్టు మీదికి లాగి, తన కోటు కప్పి, ఆవిడ ఒక్కతే పైకెక్కి మనుషుల్ని పిలుచుకొచ్చేసరికి మూడు గంటలయింది.

"మిమ్మల్ని నిందించడానికి రాయడం లేదు" అని రాసింది మార్గరెట్. "మా అబ్బాయి నన్ను తప్పుపడుతున్నాడు. నాన్నని అలాంటి చోటికి తీసుకెళ్ళేంత మతిలేని పని ఎలా చేశావంటాడు. రోజూ ఇదే మాట. మీరు నడిచినప్పుడు వంతెన ఉంది కదా? ఏ నెలలో నడిచారో చెబితే చాలు. వాడికి చూపిస్తాను."

అనసూయ ఆ ఉత్తరం మూడుసార్లు చదివింది. వంటింట్లో నుంచి అత్తగారు ఏదో అడిగితే వినపడలేదు. నిజం రాద్దామని కూర్చుంది. "నేను" అని కొట్టి ఆగిపోయింది. నేనంటే ఎవరు? ఆ మాట దగ్గరే భయం పట్టుకుంది. పోలీసులా, కోర్టులా, కంపెనీ ఏమంటుంది, ఇంట్లో ఏమంటారు? చివరికి ఇలా రాసింది. "నేను పోయిన ఏడాది మే నెలలో నడిచాను. అప్పుడు వంతెన ఉంది. తప్పు మీది కాదు. మీ వారు త్వరగా కోలుకోవాలి. ఎమిలీ."

పంపేశాక, పాపం పెద్దావిడకి మనశ్శాంతి దొరుకుతుంది కదా అనుకుంది. ఆ ఆలోచన తరవాత వచ్చింది. ముందు వచ్చింది భయమే. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

మర్నాటికే జవాబు. మార్గరెట్ ఎంత సంతోషపడిందంటే, ఆ ఉత్తరాన్ని అచ్చు తీసి కొడుకు చేతికిచ్చిందట. కొడుకు క్షమాపణ చెప్పాడట. "మీరు ఎంత మేలు చేశారో మీకు తెలియదు" అని రాసింది. అనసూయకి ఆ పూట అన్నం సయించలేదు.

మూడు రోజులు గడిచాక ఇంకో ఉత్తరం. మార్గరెట్, ఆమె కొడుకు కలిసి పార్కు ఆఫీసుకి వెళ్ళారు, పోయిన ఏడాది మే నెలలో ఉన్న వంతెన ఈ అక్టోబరుకి ఏమైందో అడుగుదామని. అక్కడివాళ్ళు తేదీలతో సహా ఫోటోలు తీసి చూపించారు. వంతెన వరదకి కొట్టుకుపోయి నాలుగేళ్ళయింది.

"ఆఫీసులో అందరి ముందూ మా అబ్బాయి తల దించుకున్నాడు. ఇంటికొచ్చాక, 'అమ్మా, అసలు ఆ ఎమిలీ అనే మనిషి ఉందా?' అని అడిగాడు. ఉందని గట్టిగా చెప్పాను. మీకు ఏడాది గుర్తు తప్పినట్టుంది. అంతే కదా ఎమిలీ? వీలుంటే ఒక్క రెండు నిమిషాలు మాట్లాడండి."

ఉందని గట్టిగా చెప్పాను అన్న మాట దగ్గర అనసూయ లాప్‌టాప్ మూసేసింది. చేతులు చన్నీళ్ళతో కడుక్కుని వచ్చి సుప్రజకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"అయ్యో, జవాబెందుకు ఇచ్చావు అక్కా?" అంది సుప్రజ. "సరే, ఆ వంతెన లైను నేను తీసేస్తా. ఆమె మెయిల్ బ్లాక్ చేసెయ్. పది రోజులు పోతే ఆమే మర్చిపోద్ది."

"మనిషి మంచంలో ఉన్నాడు సుప్రజా."

"మన కంపెనీలో ఎవరు నడిచారు చెప్పు? అందరం కుర్చీలో కూర్చునే గదా కొండలెక్కేది. నీ ఒక్కదాని తప్పు కాదిది. అనవసరంగా నెత్తికెత్తుకోవాక."

అనసూయ బ్లాక్ చేయలేదు, అలాగని జవాబూ ఇవ్వలేదు. ఎనిమిది రోజులు అట్లా గడిపింది. ఆ ఎనిమిది రోజుల్లో రెండు వ్యాసాలు రాయాల్సి వచ్చింది. "నేను నడిచినప్పుడు" అని కొట్టేటప్పుడు వేళ్ళు మొరాయించేవి. అయినా కొట్టింది. శేషమ్మ గుమ్మంలో నిలబడి ఎవరితోనో "అమెరికా వాళ్ళకి" అని మొదలుపెట్టగానే అనసూయ పెరట్లోకి వెళ్ళిపోయేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం భర్తకి కారియర్ తీసుకుని కొట్టుకి వెళ్ళింది. మస్తాన్‌రావుకి పల్నాడు రోడ్డులో పురుగుమందుల కొట్టు ఉంది. ఆమె వెళ్ళేసరికి రొంపిచర్ల వైపు నుంచి వచ్చిన అలీ సాహెబ్ అనే పెద్దాయన బల్ల ముందు నిలబడి ఉన్నాడు. ఏటా మిరప వేస్తాడు, పాత ఖాతాదారు.

"ఆకు ముడుచుకుపోతంది మస్తానూ. పోయినేడు ఇచ్చిన మందే ఇయ్యి, పోతా" అంటున్నాడు.

"ఆకు తెచ్చావా బాబాయ్?"

"తొందర్లో మరిచిపోయా. ముడతే లేరా, నాకు తెలవదా?"

"పైముడతా, కింది ముడతా? దానికొక మందు, దీనికొక మందు. పొయ్యి రెండాకులు కోసుకురా."

"మళ్ళీ అంత దూరం ఏం పోతాం? నువ్వే ఏదో ఒకటి చూసియ్యి."

మస్తాన్‌రావు నవ్వాడు కానీ కుర్చీలో నుంచి లేవలేదు. "చూడకుండా డబ్బా చేతిలో పెట్టానంటే నీకు చేను పోద్ది, నాకు మాట పోద్ది. పోనీ మీవోడికి ఫోన్ చెయ్యి, ఆకు ఫోటో పెట్టమను. అందాకా కూర్చో, టీ తాగుదాం."

అలీ సాహెబ్ గొణుక్కుంటూనే ఫోన్ తీశాడు. అనసూయ కారియర్ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. కింద పెట్టాలన్న సంగతి కూడా తోచలేదు. పదహారేళ్ళుగా ఈ మనిషితో కాపురం చేస్తోంది. ఆయన పదో తరగతి తప్పాడని, మందుల వాసన కొడతాడని, లోపల ఎక్కడో కాస్త తక్కువగానే చూసేది. ఇప్పుడు ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.

అలీ సాహెబ్ వెళ్ళాక, కొట్టు వెనకాల గదిలో మస్తాన్‌రావు అన్నం తింటుంటే మొత్తం చెప్పేసింది. ఉత్తరాలు, వంతెన, తుంటి ఎముక, మే నెల, అన్నీ. ఆయన సగంలో చెయ్యి ఆపేశాడు.

"ఆమె అడిగితే, ఉందని చెప్పావా?"

"చెప్పానండీ."

"చూడకుండా?"

ఆమె తల ఊపింది.

మస్తాన్‌రావు కారియర్ గిన్నె పక్కకి జరిపాడు. తరవాత అన్నాడు. "మొదట రాసింది ఉద్యోగం. కంపెనీ రాయమంది, రాశావు. అది సగం వాళ్ళది. రెండోసారి ఆ తల్లి అడిగితే ఉందన్నావు చూడు, అది మొత్తం నీదే అనసూయా."

తిట్టినా బాగుండేది అనిపించింది ఆమెకి. సాయంత్రం ఇంటికొచ్చి మార్గరెట్‌కి రాసింది. మీతో ముఖం చూస్తూ మాట్లాడాలి, ముఖ్యమైన సంగతి చెప్పాలి అని.

శుక్రవారం పొద్దున ఏడు గంటలకి వీడియో కాల్. అక్కడ గురువారం సాయంత్రం. అనసూయ తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, హాల్లో గోడకి ఎదురుగా కూర్చుంది. చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసి పెట్టుకుంది. తెర మీద పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, కళ్ళద్దాలు, సన్నటి ముఖం కనిపించాయి. వెనకాల ఆసుపత్రుల్లో ఉండేలాంటి కమ్మీల మంచం, దాని మీద దుప్పటి కింద నుంచి మేజోళ్ళు తొడిగిన రెండు పాదాలు.

మార్గరెట్ నవ్వబోయి ఆగింది. తెరకి దగ్గరగా వంగి చూసింది.

"హలో. మీరు... ఎమిలీ దగ్గర పనిచేస్తారా?"

ఎంత సులువుగా దారి తెరిచింది ఆవిడ! అవునంటే అక్కడితో అయిపోతుంది. ఎమిలీకి ఒంట్లో బాగాలేదు, ఎమిలీ ఏడాది మర్చిపోయింది, ఎమిలీ క్షమించమంది. రాసి పెట్టుకున్న కాగితంలో అక్షరాలు అనసూయ కళ్ళకి ఆనలేదు. అవునన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

ఆ సమయానికి శేషమ్మ కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చింది. తెర మీద తెల్లావిడని చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది. గ్లాసు బల్ల మీద పెట్టి, కొంగు సవరించుకుని, కోడలి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అమెరికా ఆమేనా ఏమే? చెప్పవేంది? నమస్కారం తల్లీ, నమస్కారం! మా అనసూయకి మీ కొండలన్నీ కొట్టినపిండి. మీ ఊళ్ళల్లో ముసలోళ్ళు గూడా ఈమె మాట మీదే నడుస్తారంట గదా! చానా సంతోషం తల్లీ."

మార్గరెట్ ఆ పెద్దామెని చూసి తనూ చేతులు జోడించింది. "ఎంత బావున్నారో. మీ అమ్మగారా? ఏమంటున్నారు?"

ఒక పక్క అత్తగారి చెయ్యి భుజం మీద ఉంది. ఎదురుగా ఆ పాదాలు కదలకుండా ఉన్నాయి.

"మా అత్తగారు" అంది ఇంగ్లీషులో. "మీ కొండలన్నీ నాకు బాగా తెలుసట. మీ ఊళ్ళో పెద్దవాళ్ళు నా మాట నమ్మి నడుస్తారట. అందుకు చాలా సంతోషమని అంటున్నారు. ఆమెకి తెలియదు. అది నిజం కాదు. నేను మీ రాష్ట్రం ఎప్పుడూ రాలేదు. మీ దేశమే రాలేదు. ఆ వ్యాసం ఇదిగో, ఈ బల్ల దగ్గర కూర్చుని రాశాను. వంతెన ఉందని ఏదో పాత పేజీలో చూసి రాశాను. ఉందో లేదో ఎవర్నీ అడగలేదు."

మార్గరెట్ కళ్ళద్దాలు తీసింది. "మరి మే నెలలో నడిచానన్నారు?"

"ఏ నెలలోనూ నడవలేదు. ఎమిలీ అనే మనిషి కూడా లేదు. మీకు అబద్ధం రాసింది నేనే. నా పేరు అనసూయ."

"ఎమిలీ ఉందని నేను మా అబ్బాయితో చెప్పాను" అంది మార్గరెట్. కోపంగా అనలేదు. లెక్క తప్పిన పిల్ల టీచరుకి చెప్పినట్టు అంది. మాట పూర్తయ్యేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

మంచం మీద నుంచి మగగొంతు వినిపించింది, బొంగురుగా. "రాయి సంగతి అడుగు."

మార్గరెట్ అడగనక్కరలేకపోయింది. "రాయిని చూశానండీ" అంది అనసూయ. "మా ఊళ్ళో సున్నపురాయి క్వారీలున్నాయి. మా నాన్న బట్టీ దగ్గర పనిచేసేవాడు. ఆ రెండు వాక్యాలు మాత్రం నిజం."

మార్గరెట్ మంచం వైపు తిరిగి చూసింది.

"తెలుసు" అన్నాడు వాల్టర్. "అందుకే మిగతాది నమ్మాను."

ఆ మాటతో అనసూయ ముఖం చేతుల్లో దాచుకుంది. శేషమ్మ కోడలి వంకా తెర వంకా మార్చి మార్చి చూసింది. "ఏందే? ఆమె ఎందుకేడుస్తంది? నువ్వెందుకేడుస్తన్నావు?"

"నా వల్ల ఆమె భర్త తుంటి విరిగి మంచాన పడ్డాడు అత్తయ్యా. నేను చూడని దారి చూసినట్టు రాశాను. ఆ కొండలు నేనెప్పుడూ చూడలా. ఏ ఒక్కటీ చూడలా."

శేషమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కోడలి భుజం మీది చెయ్యి తీసేసింది. తెర వైపు తిరిగి రెండు చేతులూ జోడించి తల వంచింది. తరవాత లేచి నిలబడి, మెల్లగా అంది. "మా మాచారం రోడ్డు మీద ఎవురన్నా ఆగి దారి అడిగితే, తెలిస్తే చెప్తాం, తెలవకపోతే తెలవదంటాం. తెలవదనటం ఏమన్నా నామోషీనా అమ్మాయ్?" కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

కాల్ పెట్టేసే ముందు మార్గరెట్ ఒక్కటే అడిగింది. "ఇప్పుడు నాతో చెప్పింది రాసి పంపుతారా? మా అబ్బాయికి చూపించాలి. ఈసారి మీ పేరుతో రాయండి."

అనసూయ ఆ పూటే రాసింది. మీ అమ్మగారు ఏ తెలివితక్కువ పనీ చేయలేదు, నేను రాసింది నమ్మారు, నేను రాసింది అబద్ధం, ఆ తరవాత అడిగితే మళ్ళీ అబద్ధమే చెప్పాను అని. కింద తన పూర్తి పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, ఫోన్ నంబరు పెట్టింది. అది పంపి, అదే సంగతి సుప్రజకీ చెప్పింది. సుప్రజ చాలా గట్టిగా అరిచింది, తరవాత ఏడ్చింది, ఆ తరవాత ఇక శీర్షికలు పంపడం మానేసింది. మూడేళ్ళ ఉద్యోగం ఎవరూ తీసేశామని కూడా చెప్పకుండానే అయిపోయింది.

కేసులూ కోర్టులూ ఏమీ రాలేదు. రెండు వారాలకి మార్గరెట్ దగ్గర నుంచి చిన్న ఉత్తరం వచ్చింది. కొడుకు ఆ కాగితం చదివాడట. అప్పటి నుంచి రోజూ పనయ్యాక వచ్చి తండ్రిని పట్టుకుని నడిపిస్తున్నాడట. వాల్టర్ వాకర్ పట్టుకుని వరండా దాకా వస్తున్నాడు. మునుపటిలా నడుస్తాడో లేదో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. "మిమ్మల్ని క్షమించానో లేదో నాకే తెలియదు. ఇక రాయను. మీరూ రాయకండి" అని ముగించింది.

శేషమ్మ కోడలితో మామూలుగానే మాట్లాడుతోంది. వంటా వడ్డనా ఎప్పటిలాగే. వీధిలో మాత్రం అమెరికా ఊసెత్తడం మానేసింది. ఒకరోజు ఎదురింటి వీరరాఘవమ్మ గుమ్మంలో ఆగి, "ఏం వదినా, మీ కోడలు ఇప్పుడు ఏ కొండలెక్కిస్తంది?" అని అడిగింది. అనసూయ లోపల బట్టలు మడతపెడుతోంది.

"మానేసింది వదినా" అంది శేషమ్మ. "చూడకుండా రాసిందంట. ఒక ముసలాయన పడిపోయాడు."

అనసూయ మడత సగంలో ఆపి, చీర గుండెకి పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. మాట కప్పిపుచ్చమని అత్తగారిని అడగాలన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చిన మాట నిజం. అడగలేదు. కాసేపాగి బయటికి వచ్చి, "అవును పిన్నీ" అంది. మెడ దాకా వేడెక్కిపోయింది. వీరరాఘవమ్మ, "సర్లేమ్మా, ఆయనకి తగ్గిపోద్దిలే" అని ఎటో చూస్తూ వెళ్ళిపోయింది.

విల్లో బ్లఫ్ కాకుండా ఆ మిస్సోరి వ్యాసంలో ఇంకా పదకొండు దారులున్నాయన్న సంగతి అనసూయకి ఆ మధ్యాహ్నమే తట్టింది. తీసి చూస్తే వ్యాసం అట్లాగే ఉంది. ఎమిలీ పేరు పోయి ఇంకేదో పేరు వచ్చింది, బొమ్మ మారింది, వంతెన లైను పోయింది. మిగతా పదకొండూ తను రాసినట్టే ఉన్నాయి.

పదకొండు చోట్ల పార్కు ఆఫీసుల అడ్రసులు వెతికి పట్టుకుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా రాసింది. "నేను మీ దారి నడవలేదు. నడిచినట్టు రాశాను. అందులో ఏం తప్పులున్నాయో చెప్పండి" అని. నాలుగు చోట్ల నుంచి జవాబు వచ్చింది. రెండు సరిగ్గానే ఉన్నాయన్నారు. ఒకచోట నీళ్ళ కుళాయి ఎప్పుడో తీసేశారట, ఎండాకాలంలో వచ్చేవాళ్ళు ఇబ్బంది పడుతున్నారట. ఇంకోచోట తను మూడు మైళ్ళన్నది నిజానికి ఐదున్నర. ఆ రెండూ వెబ్‌సైటు వాళ్ళకి రాసింది. మళ్ళీ మళ్ళీ రాసింది. ఫిబ్రవరి ఆఖరుకి కుళాయి మాట తీసేశారు. దూరం ఇంకా మార్చలేదు.

మూడేళ్ళలో తను రాసిన వ్యాసాలు నాలుగు వందలకి పైనే. ఆ జాబితా చూసిన రోజు మస్తాన్‌రావు కొట్టు నుంచి ఒక పాత రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అనసూయ మొదటి పేజీలో మిస్సోరి అని రాసి, జవాబు రాని ఏడు చోట్ల పేర్లు వేసుకుంది. సోమవారం పొద్దున వంట అయ్యాక కూర్చుని, వాళ్ళకి రెండోసారి రాయడం మొదలుపెట్టింది.